జనరల్ సాబ్ కోటుకు రెండో సాక్షి

ముందే చెప్తున్నాను, కాప్రా చెరువు జాలరి సంగతి నా దగ్గర ఎత్తొద్దు. ఎత్తకపోయినా ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు కాబట్టి నేనే చెప్పేస్తాను. కిందటి సెమిస్టర్‌లో మా మీడియా కోర్సు కోసం ఆ చెరువు మీద డాక్యుమెంటరీ తీశాను. అందులో ఎనభై ఏళ్ల జాలరి ఒకాయన చెరువు పాత రోజులు తలుచుకుంటాడు. ముఖం కనపడదు, గొంతు మాత్రమే. ఆ గొంతు మా పిన్ని కొడుకు అస్లంది. వాడికి పందొమ్మిదేళ్లు. అంతా బాగానే కుదిరింది గానీ, సరిగ్గా జాలరి ఏడ్చే చోట వెనక నుంచి మా పిన్ని "అస్లం, గ్యాస్ బండ వచ్చింది, జెర లోపల పెట్టురా" అని కేకేసింది. జాలరి ఏడుపు ఆపి "వస్తున్న అమ్మీ" అన్నాడు. ఎడిట్ చేసేటప్పుడు అది నేను వినలేదు. జ్ఞానమణి మేడమ్ విన్నారు.

జ్ఞానమణి మేడమ్ మా లెక్చరర్. ఆవిడ అరవరు. రెండు అరుపులు అరిచేస్తే బాగుండు, ఈ చూపు తప్పుతుంది అనిపించేలా చూస్తారు.

"ఒక్క ఛాన్స్ ఇస్తున్నాను నిఖత్," అన్నారు. "పని చేసుకుని బతికే ఒక మనిషి మీద పది నిమిషాల ఫిల్మ్ తియ్యి. ఫిల్మ్‌తో పాటు రీసెర్చ్ ఫైలు, కత్తిరించని ఫుటేజ్ మొత్తం నా టేబుల్ మీద ఉండాలి. ఫిల్మ్‌లో ఏది చెప్పినా దానికి రెండు ఆధారాలు చూపించాలి. ఒక్కటే ఉంటే అది ముచ్చట. ఈసారి అబద్ధం దొరికిందంటే ఈ కోర్సులో నువ్వు ఉండవు."

కోర్సులో లేకపోతే ఎక్కడ ఉంటానో మా అబ్బా షఫీ, అంటే మా నాన్న, ఆ సాయంత్రమే తేల్చేశాడు. "దాదా దుకాణంల గుండీలకు కాజాలు కుట్టుకుంట కూసో. సినిమాలు చాలు."

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఆలోచన కూడా వచ్చింది. పని చేసుకుని బతికే మనిషి కోసం ఊరంతా తిరగడం ఎందుకు? అబ్బా వాళ్ల నాన్న, మా దాదా మౌలా అలీ రెజిమెంటల్ బజార్‌లో యాభై ఐదేళ్లుగా కోట్లు కుడుతున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి, మెడలో టేపు లేకుండా ఎవరూ చూసి ఉండరు. నమాజుకి వెళ్లినా టేపు జేబులో వేసుకుని వెళ్తాడు. ఆయనలో నాకు తెలిసిన లోపం ఒకటే. తన నడుము ముప్పై ఆరంటాడు. అది పెళ్లినాటి కొలత. ఇప్పటికీ ప్యాంట్లన్నీ ముప్పై ఆరుకే కుట్టుకుని, పై గుండీ వదిలేసి, మీద పొడుగు లాల్చీ వేసుకుంటాడు.

కెమెరాకి సత్యదేవ్ వచ్చాడు. నా క్లాస్‌మేట్, ఉండేది కార్ఖానా ఏరియాలో, సొంతూరు కాకినాడ. మంచివాడే, కానీ లెన్సు కంటే తెలివైనది లోకంలో లేదని అతని నమ్మకం.

మొదటి రోజు దుకాణానికి వెళ్లేసరికి దాదా మా బాబాయి పెళ్లి షేర్వాణీలో ఉన్నాడు. గడ్డం గీయించుకుని, అత్తరు పూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సత్యదేవ్ కెమెరా ఆన్ చేయగానే మొదలెట్టాడు.

"ప్రియమైన ప్రేక్షక మహాశయులకు మౌలా అలీ సవినయంగా చేసుకొను మనవి ఏమనగా..."

"తాతగారూ, మామూలుగా మాట్లాడండి," అన్నాడు సత్యదేవ్.

"మామూలుగ మాట్లాడనీకె షేర్వాణీ ఎందుకు తొడుక్కుంట బేటా?"

అది నిజమే కదా. గంటసేపు ఆయన దేశసేవ గురించి, సూదిదారాల ఔన్నత్యం గురించి ఉపన్యసించాడు. మధ్యలో ఒక్కటే పనికొచ్చే మాట దొర్లింది. "కంటోన్మెంట్‌ల పెద్ద జనరల్ సాబ్ ఉంటుండె. ఆయన కోటు కుట్టింది ఈ చేతులే." ఇది మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకీ జోలపాటలా వినిపించిన కథ. నాకు ప్రాణం లేచొచ్చింది. జనరల్ సాబ్ ఉంటే ఫిల్మ్ నిలబడినట్టే. ఇక రెండో ఆధారం కావాలి.

రెండు రోజులు బజారంతా తిరిగాను. గుండీలమ్మే ఆయన ఆ జనరల్ ఆరున్నర అడుగుల సర్దార్జీ అన్నాడు. చాయ్ హోటల్ ఆయన పొట్టివాడన్నాడు, మీసం చెవుల దాకా ఉండేదన్నాడు. ఇస్త్రీ దుకాణం ఆయన అసలు కోటు జనరల్‌ది కాదు, ఆయన భార్యదని ఒట్టేశాడు. నాలుగో ఆయన జనరల్‌కి మీసమే లేదన్నాడు. సత్యదేవ్ రీసెర్చ్ ఫైల్లో నలుగురు జనరల్స్‌కీ నాలుగు గళ్ల పట్టిక గీశాడు, ఎత్తు, మీసం, ఊరు అని. చివరి గడిలో 'మీకెవరు చెప్పారు' అని రాశాడు. నాలుగింటిలోనూ జవాబు ఒకటే: మౌలా అలీ భాయే చెప్పిండు.

నా తలప్రాణం తోకకొచ్చింది. నేరుగా దుకాణానికి వెళ్లి, సత్యదేవ్ స్టాండ్ సర్దుకుంటుండగానే దాదా మీద విరుచుకుపడ్డాను.

"ఎంతమందికి ఎన్ని తీర్ల చెప్పినవ్ దాదా? ఒక్క నిజం అడిగితే నలుగురు జనరల్స్‌ని ఇచ్చినవ్! ఎల్లుండి సబ్మిషన్. నీ గొప్పల ఖాతిర్ నేను ఫెయిల్ కావాల్నా?"

దాదా కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మిషను వైపు తిరిగిపోయాడు. నేను అలా అరిచి ఉండాల్సింది కాదు. నాకు తెలుసు. అయినా కోపం తగ్గలేదు.

అప్పుడు కార్ఖానాలో హార్డ్‌వేర్ షాపున్న బుల్లబ్బాయి గారు వచ్చారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. కూతురి నిశ్చితార్థానికి సూటు కుట్టించుకోవాలి. టేపు చూడగానే ఆయన పొట్ట లోపలికి మాయమైపోయింది.

"మాస్టారూ, నడుం ముప్పై నాలుగే రాసుకోండి," అన్నారు ఊపిరి తియ్యకుండా.

"అట్లనే సార్," అన్నాడు దాదా. టేపు ఆయన నడుము చుట్టూ వదులుగా వేసి పట్టుకున్నాడంతే, చదవలేదు. "ఈ ఏడు గోదాట్ల పులసలు పడ్డయా సార్?"

"పులసా! అబ్బబ్బా, ఏం అడిగారండీ!" బుల్లబ్బాయి గారి ముఖం వెలిగిపోయింది. "మా బావమరిది ఒకటి పంపించాడండి. మా ఆవిడ బెండకాయ వేసి, వెన్నపూస వేసి, మట్టిదాకలో రాత్రంతా ఉంచి..." పులుసు దాకలో ఉన్నంతసేపూ పొట్ట మెల్లమెల్లగా బయటికొచ్చింది. తెల్లారి మూత తీసేసరికి మొత్తం వచ్చేసింది. దాదా వేళ్లు టేపు మీద చప్పుడు లేకుండా బిగిశాయి. "నలభై రెండు," అని పుస్తకంలో రాసుకున్నాడు. బుల్లబ్బాయి గారు ఇంకా పులుసులోనే ఉన్నారు.

ఆయన వెళ్లాక, అలక మర్చిపోయి అడిగాను. "ఇదేం పని దాదా?"

"టేపు చూస్తే ఎవరైనా ఊపిరి బిగబడ్తరు," అన్నాడు, నా వైపు చూడకుండానే. "ఆ కొలతకు కుడితే ఇంటికి పోయినంక గుండీలు ఎగురుతయి. మనిషిని ముచ్చట్ల పెట్టాలె. ఊపిరి ఇడిచినంక కొలవాలె."

నేను సత్యదేవ్ వైపు చూశాను. సత్యదేవ్ స్టాండ్ మీద రికార్డవుతున్న కెమెరా వైపు చూశాడు. మొదటి రోజు నుంచి మేం దాదా ముందు మూడు కాళ్ల టేపు నిలబెట్టి, ఊపిరి బిగబట్టాడని ఆయన్నే తిడుతున్నాం.

మర్నాడు ఒక్క ప్రశ్న కూడా పట్టుకెళ్లలేదు. కెమెరాను గుడ్డల తానుల మధ్య పెట్టి, రికార్డవుతోందని దాదాకు చూపించి, ఇద్దరం దాన్ని వదిలేశాం. నేను ఆయన పక్కన పీట వేసుకుని "కాజాలు నేర్పు దాదా" అన్నాను. ఎలాగూ రేపు ఫెయిలైతే చేయాల్సిన పనే. నా మొదటి కాజా చూసి ఆయన "ఇది కాజానా, ఎలుక కొరికిందా?" అన్నాడు. రెండోది చూసి తన మొదటి కోటుకు రెండు చేతులూ ఎడమవే కుట్టిన కథ చెప్పాడు. ఐదో కాజా దగ్గర, నేనేమీ అడగకుండానే, గొంతు తగ్గించాడు.

"జనరల్ సాబ్‌ను నేను చూడనే లేదు బేటీ."

సూది నా వేలిలో దిగింది. అయినా కుడుతూనే ఉన్నాను.

"మెస్సుల వంటమనిషి ఒకాయన ఉంటుండె. జనరల్ సాబ్ తన పాత కోటు ఆయనకు ఇచ్చిండు. బట్ట వెలిసిపోయింది. నేను కుట్లన్నీ విప్పి, లోపలి దిక్కు పైకి తిప్పి, మళ్ల కుట్టిచ్చిన. గంతే. తర్వాత మీ దాదీ వాళ్లింటికి పిల్లను అడగనీకె పోయిన. వాళ్ల నాయన, పెద్ద పనేమన్న చేసినవా అని అడిగిండు. నోట్లకెళ్లి వచ్చేసింది, జనరల్ సాబ్ కోటు కుట్టిన అని. పిల్లనిచ్చిండ్రు." దారం పళ్లతో తెంపాడు. "యాభై మూడేండ్లాయె. పాత కోటు తిరగేసినోడు అని తెలిస్తే మీ దాదీ నూర్‌బీ ఏమనుకుంటదో."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, గుడ్డల మధ్య ఏముందో. ముఖం తెల్లబోయింది.

"అది కత్తిరించు బేటీ. నీకు దండం పెడ్త."

కత్తిరిస్తే మేడమ్‌కి ఇచ్చే ఫుటేజ్‌లో ముక్క తగ్గుతుంది. తగ్గితే నేను మళ్లీ కాప్రా జాలరినే. కత్తిరించకపోతే దాదా పరువు దాదీ ముందు పోతుంది. ఆయన చేతులు పట్టుకుని, "కత్తిరించలేను దాదా. నిన్న నిజం చెప్పమని నేనే మొత్తుకున్న. నువ్వు చెప్పినవ్. రేపు హాల్లో చూపిస్తరు. నువ్వు రాకున్నా నేనేం అనుకోను," అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆయన నా తల నిమిరి, మిషను తొక్కడం మొదలెట్టాడు.

ఇంకో చిక్కు మిగిలింది. రెండో ఆధారం. ఆ పెళ్లి మాటల్లో ఉన్నవాళ్లలో ఇప్పుడు బతికున్నది దాదా కాక ఒక్క మనిషే. ఆ సాయంత్రం వంటింట్లో దాదీ వెల్లుల్లి ఒలుస్తుంటే పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. సత్యదేవ్ తలుపు దగ్గర కెమెరాతో నిలబడ్డాడు. అరసేరు వెల్లుల్లి అయ్యేసరికి జనరల్ కోటు సంగతి దానంతటదే వచ్చింది. ఆమె చెప్పింది విని సత్యదేవ్ "బాబోయ్" అన్నాడు, అది కూడా రికార్డయింది.

"ఆయనకు నువ్వు చెప్పకు," అంది దాదీ. "నీ సినిమానే చెప్పనీ."

మర్నాడు కాలేజీ హాల్లో దాదా మొదటి వరుసలో ఉన్నాడు. షేర్వాణీ, మెడలో టేపు, బిగబట్టిన ఊపిరి. పక్కన దాదీ. వాళ్ల వెనక జ్ఞానమణి మేడమ్, ఒళ్లో రీసెర్చ్ ఫైలు. దాదా రాడేమో అనుకున్నాను. "నా మనుమరాలి సినిమా, నేను రాకుంటే ఎట్ల?" అన్నాడట అబ్బాతో.

పులస పులుసుకి హాలంతా కడుపుబ్బ నవ్వింది. తర్వాత కాజాలు వచ్చాయి. తెరమీద దాదా "చూడనే లేదు బేటీ" అన్నాడు. హాల్లో దాదా తల వంచి తన చెప్పులు చూసుకోవడం మొదలెట్టాడు. దాదీ కదల్లేదు.

తర్వాత వెల్లుల్లి. తెరమీద దాదీ గొంతు మామూలుగా, కూరగాయల రేట్లు చెప్తున్నట్టే ఉంది.

"జనరల్ రాలే, గినరల్ రాలే. మెస్సుల వంటమనిషి పెండ్లాం గ్రేసీ మా పక్కింటామె. కోటు తెచ్చి నాకు చూపించింది. కోటు తిరగేస్తే పైజేబు కుడి దిక్కు పోతది కద. కుట్టినాయన ఆ జేబు మూసి, ఎడమ దిక్కు కొత్తది పెట్టిండు. మూసిన జాగ ఎక్కడా అని గోరు పెట్టి వెతికిన, పొద్దుగూకె దాకా వెతికిన. కుట్టు దొరకలే. ఇంత పని వచ్చినోడు ఎవడో అడుగు, వాన్నే చేసుకుంట అని మా అమ్మకు చెప్పిన. ఆయనంతట ఆయనే వచ్చిండు. వచ్చి జనరల్, జనరల్ అంటడు! రెండు దినాలు నవ్విన. ఆ మాట చెప్పేటప్పుడు ఛాతి గింత పొంగుతది, పోనీ తీయ్ అని ఊకున్న."

మేడమ్ పెన్ను తీసి ఫైల్లో ఏదో గీసి, నాకు చూపించారు. 'రెండు' అని రాసి చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

దాదా మెల్లగా తలెత్తి దాదీ వైపు తిరిగాడు. "నీకు ఎరికేనా?" అన్నాడు. "ఆ కోటు... నువ్వు చూసినవా?"

అని, యాభై మూడేళ్లుగా పట్టుకున్న ఊపిరి వదిలేశాడు. అందరి ముందూ షేర్వాణీ మీది గుండీ ఒకటి తెగి మేడమ్ కాళ్ల దాకా దొర్లింది. దాదీ చెయ్యి చాపి ఆయన మెడలోని టేపు లాగింది. నడుము చుట్టూ వేసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

"నలభై మూడు. ముప్పై ఆరట!"

"మరి గా ప్యాంట్లన్నీ ఏం చెయ్యాలె?" అన్నాడు దాదా. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"విప్పి మళ్ల కుట్టు," అంది దాదీ. "ఆ పని చూసే కద నిన్ను చేసుకున్నది."