గోడ మీద ఎర్ర గీత

మా ఆయన నరేందర్‌తో నాకున్న ఇబ్బంది ఒక్కటే. మాదాపూర్ ఆఫీసులో రోజంతా గ్రాఫులు చూసినా ఆయనకు తనివి తీరదు. నల్లగండ్లలోని మా ఫ్లాటుకు కూడా ఒకటి తెచ్చారు. మీటరు దగ్గర ఏదో డబ్బా బిగించి, హాల్లో గోడకు చిన్న తెర తగిలించారు. ఇల్లంతా కలిపి కరెంటు తక్కువ వాడితే అందులో గీత పచ్చగా, ఎక్కువైతే ఎర్రగా కనిపిస్తుంది.

వారం రోజులు దాన్నే చూసి తీర్పు చెప్పారు.

"ఎర్రగైతది, పచ్చగైతది, మళ్ళ ఎర్రగైతది. ఫ్రిజ్ కంప్రెసర్ గిట్లనే ఆగి ఆగి నడుస్తది. అమ్మ పాత ఫ్రిజ్జే. ఆదివారం పాత సామాన్లాయన వస్తడు."

ఆ ఫ్రిజ్‌లో మా అత్తమ్మ భూలక్ష్మి పెత్తనం, కొత్తదాంట్లో నాది. పదేళ్ళుగా మేమిద్దరం మంచిగా ఉన్నామంటే ఆ రెండు తలుపుల పుణ్యమే.

"తీస్కపోనీ బిడ్డా. గీత ఎర్రగుంటే నీకు ముద్ద దిగుతలేదాయె," అంది అత్తమ్మ. తన కంచంలో అన్నం మాత్రం అలాగే వదిలేసి లేచింది.

శనివారం సాయంత్రం ఆయన కూరగాయలకు వెళ్ళగానే పాత ఫ్రిజ్ ప్లగ్ పీకి, గిన్నెలన్నీ నా ఫ్రిజ్‌లోకి సర్దాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

ఆదివారం పొద్దున్నే ఆయన స్నానం చేసి, టీ కప్పుతో తెర ముందు కూర్చున్నారు. గీత ఎర్రబడింది.

"అగో, మళ్ళ షురూ చేసింది అమ్మ ఫ్రిజ్."

"అది నిన్న సాయంత్రం నుంచి బందే ఉంది," అన్నాను.

వెళ్ళి ప్లగ్ చూసి వచ్చారు. "మరి గిదేంది?"

"ఇంజనీరు మీరు."

ఒక్కో స్విచ్ కట్టేస్తూ ఇల్లంతా తిరిగారు. ఫ్యాన్లు, టీవీ, చివరికి నా ఫ్రిజ్ కూడా. గీత ఎర్రగానే ఉంది. బాత్రూం బయట ఆగారు. అక్కడి మేకుకు ఎప్పుడూ ఆయన తువ్వాలే వేలాడుతుంటుంది. దాన్ని తీస్తే, వెనక గీజర్ స్విచ్ లైటు వెలుగుతోంది.

రోజూ వాకింగుకు పోయే ముందు దాన్ని వేసేది ఆయనే. వచ్చి స్నానం చేసి, కట్టేయకుండానే ఆఫీసుకు పోయేదీ ఆయనే. నీళ్ళు చల్లారడం, గీజర్ మళ్ళీ కాచడం, రోజంతా అదే పని.

అంతలో వాచ్‌మన్ ఇంటర్‌కంలో పిలిచాడు. అత్తమ్మ ఎత్తి, ఫోను చేత్తో మూసింది. "పాత సామాన్లాయన కింద ఉన్నడంట బిడ్డా. పైకి రమ్మనాల్నా?"

ఆయన తువ్వాలును నాలుగు మడతలు పెట్టారు. ఆయన బట్టలు మడవడం పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదటిసారి.

"వద్దని చెప్పమ్మా," అన్నారు. "ఫ్రిజ్‌ది ఏం లేదు. తప్పు నాదే."