డాక్టరుగారు అడిగిన కారు

షోరూంలో నిలబెట్టిన కార్ల మీద వేలిముద్రలు తుడవడం నా ఉద్యోగంలో భాగం కాదు. అయినా పన్నెండేళ్లుగా పొద్దున్నే ఆ పని నేనే చేస్తున్నాను. చేరిన మొదటి రోజు మేనేజరు మెత్తటి గుడ్డ నా చేతికిచ్చి, "ఆడవాళ్ల చెయ్యి పడితే ఆ మెరుపే వేరు కదమ్మా" అన్నారు. నాతోపాటు చేరిన ఇద్దరు మగవాళ్లకు ఆ గుడ్డ ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలియదు. తుడిచీ తుడిచీ ఏ ముద్ర ఎవరిదో చెప్పగలిగే స్థితికొచ్చాను. బానెట్ మీద అరచెయ్యి మొత్తం ఆనించినవి మగవాళ్లవి. అద్దం మీద ముక్కుతో సహా అంటుకున్నవి పిల్లలవి. ఆడవాళ్ల ముద్రలు దాదాపుగా ఉండవు. వాళ్లు రెండు చేతులతో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, భర్తకు ఒక అడుగు వెనక నిలబడి చూస్తారు.

నేను మెకానికల్ డిప్లొమా చేశాను. అమ్మకాల్లోకి రాకముందు రెండేళ్లు వర్క్‌షాపులో కార్ల కింద పడుకుని పని చేశాను. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరులో ఇంధనం సరిగ్గా కాలడం లేదో చెప్పగలను. కానీ షోరూంలోకి వచ్చినవాళ్లు నా మాట సగంలో ఆపి, "లోపల టెక్నికల్‌గా తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంటారు. నేను నవ్వి పక్క టేబులతన్ని పిలుస్తాను. అతను నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, జవాబేమిటో నన్నే అడిగి వెళ్లి చెబుతాడు. ఇంట్లో ఇంకో రకం. "సిలిండరంటే మన వంటింట్లో ఉన్నదొక్కటే, అది అయిపోకుండా చూసుకో చాలు. ఆరేమిటో, ఎనిమిదేమిటో!" అంటుంది అత్తయ్య. మా ఆయన స్నేహితులు వచ్చినప్పుడు, "కుక్కర్ విజిల్స్ లెక్క తప్పే మనిషి అక్కడ సిలిండర్లు లెక్కపెడుతుందట" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే ముందు నేను నవ్వి, టీ కప్పులు తీసుకెళ్లి కడిగాను. మా కారు ఆయనే నడుపుతాడు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించడు. ఇంజను మూలుగుతుంది. నాకు వినిపిస్తుంది, నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఇదంతా నా తప్పుకు సాకులు పోగేసుకోవడానికి చెప్పడం లేదు. లేదనే అనుకుంటున్నాను. నోరు మూసుకోవడం నాకు ఎంత బాగా అలవాటైందో తెలియాలి, అంతే.

ఆ కంటి డాక్టరుగారు ఒక సోమవారం మధ్యాహ్నం ఒంటరిగా వచ్చారు. పొట్టి మనిషి, జుట్టు ముడి, కాళ్లకు నడకబూట్లు. "యాభై రెండేళ్లొచ్చాయమ్మా. ఇన్నాళ్లూ పిల్లలకీ సామాన్లకీ పనికొచ్చే కార్లే కొన్నాను. ఇప్పుడొకటి నాకోసం కొనుక్కుందామని" అన్నారు. మా స్పోర్ట్స్ కారు రెండు రకాల్లో వస్తుంది. చూడటానికి రెండూ ఒకటే. ఒకదాంట్లో ఆరు సిలిండర్ల ఇంజను, రెండోదాంట్లో ఎనిమిది. ఆవిడ రెంటి చుట్టూ తిరిగి, "శక్తి ఎంత, వేగం ఎంత అని చెప్పకు, అది కాగితంలో ఉంది. నడిపితే చేతికి తేడా ఏం తెలుస్తుంది? అది చెప్పు" అని అడిగారు.

పన్నెండేళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఉన్నదున్నట్టు చెప్పాను. ఎనిమిది సిలిండర్లది తిన్నటి రోడ్డు మీద దూసుకుపోతుంది, దాని మోతకు వీధి వీధంతా తిరిగి చూస్తుంది. కానీ ఆ ఇంజను బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, మలుపులో ముక్కు ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. తడి రోడ్డు మీద కాలు కాస్త గట్టిగా నొక్కితే వెనక చక్రాలు పక్కకు జారతాయి. ఆరు సిలిండర్లది ముందు తేలిక. మనం ఎటు అనుకుంటే అటు తిరుగుతుంది.

రెండూ నడిపించాను. కొండ పక్క రోడ్డు మీద ఆరు సిలిండర్ల కారులో రెండు మలుపులు దాటాక ఆవిడ మాట్లాడటం మానేశారు. మూడో మలుపులో చిన్నగా "ఆహా" అన్నారు, ఎవరికీ చెప్పడానికి కాదు. కారు ఆపాక కూడా చేతులు స్టీరింగు మీంచి తియ్యలేదు. "ఆపరేషన్ చేసేటప్పుడు మంచి పనిముట్టు చేతిలో ఉన్నట్టే ఉండదమ్మా. ఇదీ అంతే. నాకిది చాలు. చాలు కాదు, నాకు కావాల్సిందే ఇది" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ రోజు ఇంటికెళ్లి అంట్లు తోముతూ కూడా ఆ మాటే తలుచుకున్నాను.

శనివారం ఆవిడ భర్తతో వచ్చారు. ఆయన లాయరు. పొడుగ్గా, నవ్వుమొహంతో, ఎవరినీ నొప్పించని గొంతుతో మాట్లాడే మనిషి. వస్తూనే బానెట్ మీద చెయ్యి వేసి, "ఎనిమిది ఉండగా ఆరెందుకు? జీవితంలో ఒక్కసారి కొంటున్నాం, కొంటే మంచిదే కొందాం" అన్నారు.

"నడిపి చూశానండీ. నాకు ఆరే బాగుంది" అన్నారు డాక్టరుగారు.

"నువ్వు ఒక్కరోజు నడిపావు. నీకేం తెలుస్తుంది? రేపు పక్కన ఎనిమిది పోతుంటే అయ్యో అనుకుంటావు."

ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. మలుపుల్లో ఇదే నయమని ఆ రోజు నువ్వే అన్నావుగా."

నా వెనక మేనేజరు నిలబడి ఉన్నారు. సేల్స్ ఇన్‌చార్జి పోస్టు నాకా, పక్క టేబులతనికా అన్నది ఆ వారంలోనే తేలాలి. ఆ సంగతి నా తలలో ఉంది, అబద్ధం ఎందుకు. కానీ అదొక్కటే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్నేమో. అసలు సంగతి ఏమిటంటే, ఆయన మాట్లాడటం మొదలుపెట్టిన క్షణంలోనే నా మొహం ఆయనవైపు తిరిగిపోయింది. మగవాడు మాట్లాడుతుంటే తల ఊపడం నా మెడకు నాకంటే ముందే తెలుసు. ఆవిడ అడిగింది, నేను జవాబు ఆయనకు చెప్పాను.

"రెండూ మంచివే సార్. కానీ మీరన్నట్టు, ఎనిమిదంటే ఎనిమిదే."

ఆయన సంతోషంగా నవ్వారు. డాక్టరుగారు నన్ను చూశారు. కోపంగా కాదు. కంటిలో ఏదో వెతికినట్టు, నిదానంగా, తీరిగ్గా చూశారు. తర్వాత బ్యాగు జిప్పు మూసి, "సరే. ఎనిమిదే రాయండి" అన్నారు. సంతకాలన్నీ ఆవిడే పెట్టారు. కారు ఆవిడ పేరు మీదే.

పోస్టు నాకొచ్చింది. ఇంట్లో చెబితే అత్తయ్య, "అయితే ఇంకా ఆలస్యంగా వస్తావన్నమాట" అంది. మా ఆయన టీవీ చూస్తూ "కంగ్రాట్స్" అన్నాడు. నేను కూడా పెద్దగా సంతోషపడలేకపోయాను. అలసట అనుకున్నాను.

ఏడు నెలల తర్వాత ఆ కారు సర్వీసుకు వచ్చింది. వెనక పక్క రేకు నొక్కుకుపోయి, రంగు లేచిపోయి ఉంది. వర్క్‌షాపు పెద్ద మెకానిక్ నన్ను పిలిచి చూపించాడు. "వానలో జారి గోడకు తగిలిందట చెల్లెమ్మా. ఎవరికీ ఏం కాలేదులే" అన్నాడు. నేను తలుపు తీసి లోపలికి చూశాను. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. అద్దాలన్నీ పొడుగు మనిషి కంటికి సరిపెట్టి ఉన్నాయి. ఆవిడ అక్కడ కూర్చుంటే కాలు పెడల్‌కు అందదు.

సాయంత్రం కారు తీసుకెళ్లడానికి లాయరుగారు వచ్చారు. మర్యాదగానే పలకరించారు. "మా ఆవిడ పనేనండీ ఇది. బాగా భయపడిపోయింది పాపం. అప్పట్నుంచి ముట్టుకోవడం లేదు, క్యాబ్‌లో వెళ్తోంది. నేనే నడుపుతున్నాను" అని, తాళం వేలికి తగిలించుకుంటూ నవ్వారు. "మీరైనా ముందే చెప్పాల్సింది. ఆడవాళ్లకు ఆ చిన్న ఇంజనుదే సరిపోతుందని."

నేను చెప్పిన నిజమే అది. ఆవిడ తన చేతులతో నడిపి ఎంచుకున్న కారే అది. ఇప్పుడది ఆయన నోట్లో ఆడవాళ్ల చేతకానితనంగా మారింది. దాన్ని అలా మారనిచ్చింది నేను. అప్పుడైనా ఒక్క మాట అనాల్సింది. "మళ్లీ రండి సార్" అన్నాను.

నాలుగు రోజులు ఏ పనీ సరిగ్గా చెయ్యలేకపోయాను. అయిదో రోజు సెలవు పెట్టి ఆవిడ క్లినిక్‌కు వెళ్లాను. కళ్లలో మందు చుక్కలు వేయించుకున్న ముసలివాళ్ల మధ్య గంటన్నర కూర్చున్నాను. నా వంతు వచ్చి లోపలికి వెళ్లగానే ఆవిడ గుర్తుపట్టారు. గడ్డం ఆనించమని ఎదురుగా ఉన్న యంత్రం చూపించారు.

"నా కళ్లు బాగానే ఉన్నాయండీ. మీకొక మాట చెప్పాలని వచ్చాను. ఆ రోజు మీరు అడిగిందే సరైనది. నాకు తెలుసు. తెలిసి చెప్పలేదు."

ఆవిడ చేతి తొడుగులు తీసి పక్కన పెట్టారు. "నీకు తెలుసని నాకూ తెలుసు. నీ మొహంలోనే కనిపించింది. మా ఆయన సంగతి నాకు కొత్త కాదు. ఆ రోజు ఆయన్ని కాదనడానికి నాకు ఒక్క మనిషి తోడు దొరికితే చాలనుకున్నాను. నువ్వున్నావు కదా అనుకున్నాను."

"క్షమించండి డాక్టరుగారూ."

"నీ మీద కోపం లేదని అందామనుకున్నాను. కానీ ఉంది." ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "కారు పోతే పోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా నడుపుతున్నదాన్ని, ఇప్పుడు స్టీరింగు చూస్తే చేతులకు చెమటలు పడుతున్నాయి. నాకు డ్రైవింగ్ రాదని నేనే నమ్మడం మొదలుపెట్టాను. తెలుసా నీకు?"

తెలియదు. నేను ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. టిష్యూ డబ్బా నా వైపు జరిపారు. కళ్లు తుడుచుకుని, ఆవిడ కారు మార్చుకుంటానంటే దగ్గరుండి అన్నీ చూసుకుంటానని చెప్పాను. "ఆ సంగతి మా ఇంట్లో నేను మాట్లాడుకుంటాను. అది నువ్వు చేసిపెట్టే పని కాదు" అన్నారు. నేను లేచి తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి అడిగారు.

"ఇంకెంతమందికి చేశావమ్మా ఇలా?"

నెల తిరక్కుండానే ఆవిడ ఎనిమిది సిలిండర్ల కారు ఇచ్చేసి ఆరు సిలిండర్లది కొనుక్కున్నారని తెలిసింది. మా దగ్గర కాదు, ఊరికి ఆ చివరున్న ఇంకో షోరూంలో. మేనేజరు మూతి ముడుచుకుని, "తెలిసినావిడ మన చేతిలోంచి ఎలా జారిపోయిందమ్మా?" అన్నారు. "నేను సరైన కారు అమ్మలేదండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

ఆవిడ మళ్లీ నడుపుతున్నారన్నది నా ప్రాణానికి కొంత ఊరట. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఒక మంగళవారం, షోరూం ఖాళీగా ఉన్నప్పుడు, టెస్ట్ డ్రైవ్ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నాను. కారు నడిపి చూడాలని వచ్చిన ప్రతి మనిషి పేరూ, ఫోన్ నంబరూ వాటిలో ఉంటాయి. పేజీలు తిప్పుతుంటే మొహాలు గుర్తొస్తున్నాయి. బ్రేకు గురించి అడిగితే నేను వాళ్లాయన వైపు చూసి జవాబు చెప్పిన కాలేజీ లెక్చరర్. "నేను ఇంకోసారి నడపొచ్చా?" అంటే, కొడుకు టైమ్ లేదనగానే నేను తాళం వెనక్కి తీసుకున్న బట్టల షాపావిడ. రంగులు మాత్రమే చూపించి పంపేసిన నర్సు. ఆవిడ అడగడానికి వచ్చింది ఇంజను గురించి. ఒక్కొక్క పేరు కింద పెన్సిలుతో గీత గీశాను. నలభై దాటాక చెయ్యి ఆగిపోయింది.

ఫోన్ చేసి ఏం చెప్పాలో నాకు సరిగ్గా తెలియదు. వాళ్లు తిట్టొచ్చు. నన్ను మరిచిపోయి ఉండొచ్చు. ఎవరైనా మేనేజరుకు చెబితే ఈ పోస్టు పోవచ్చు. అయినా నర్సు నంబరు నొక్కాను. నాలుగు రింగుల తర్వాత ఒక మగగొంతు పలికింది.

"ఎవరు?"

"కార్ల షోరూం నుంచండీ. మేడమ్‌తో మాట్లాడాలి."

"నేను వాళ్లాయన్నే. ఏమిటో నాతో చెప్పండి."

నా మెడ ఎప్పటిలాగే ముందుకు వంగబోయింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"మీతో కాదు సార్. ఫోన్ ఆవిడకివ్వండి."