ప్రతి మూడో కుట్టూ

దీవికి లాంచీ ఎక్కినప్పటి నుంచే దర్జీకి ఒళ్లు మండుతోంది. కిటికీ పక్క సీటు వియ్యంకుడికి దొరికింది. అతని పక్కన వియ్యపురాలు. ఆవిడ మాటిమాటికీ మంచినీళ్ల సీసా మూత తీసి మొగుడికి అందిస్తోంది, ఆ మనిషికి చేతుల్లేనట్టు. దర్జీ భార్య పోయి నాలుగేళ్లయింది. తన సీసా మూత తనే తిప్పుకోబోయాడు. బిగుసుకుపోయి రాలేదు. ఎవర్నీ అడగలేదు. నీళ్లు తాగడమే మానేశాడు.

మూడు రోజుల సెలవు. కూతురు తండ్రినీ, అత్తమామల్నీ, ఎనిమిదేళ్ల పిల్లనీ వెంటేసుకుని బయల్దేరింది. అల్లుడికి ఆఫీసులో సెలవు దొరకలేదు. దొరికినా వచ్చేవాడు కాదని దర్జీ నమ్మకం. పిల్లకి తాతలిద్దరు. తికమక లేకుండా పేర్లు తనే పెట్టుకుంది. దర్జీ కుట్టుతాత. వియ్యంకుడు బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనా మెడలో ఇంకా ఈల వేలాడేసుకునే తిరుగుతాడు కాబట్టి ఈలతాత. పిల్ల ఎవరిని ముందు పిలుస్తుందో దర్జీ మనసులోనే లెక్క పెట్టుకుంటాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంటాడు.

ఈసారి పకడ్బందీగా వచ్చాడు. వారం రోజులు కూర్చుని పిల్లకి ఈత గౌను కుట్టాడు. పసుపుపచ్చ పాప్లిన్. లోపల లైనింగు. నడుం చుట్టూ మూడు వరసల కుచ్చులు, వెనక ఆరు బొత్తాలు, చేత్తో కట్టిన కాజాలు. మనవరాలు తను కుట్టిన గౌనుతో సముద్రంలోకి దిగాలి. ఆ డ్రిల్లు మాస్టారు ఒడ్డున నిలబడి చూడాలి. ఈ ప్రయాణంలో అతనికి కావలసింది అదొక్కటే. కొబ్బరిచెట్లూ, తెల్లటి ఇసకా, నీలం నీళ్లూ ఎవరిక్కావాలి?

నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషి. వాటిలో ఒక్కటీ నీళ్లలో దిగడానికి కుట్టింది కాదు. అది అతనికి తట్టలేదు.

మొదటి రోజు పొద్దున పిల్ల ఆ గౌను వేసుకుని గెంతుకుంటూ నీళ్లలోకి దిగింది. మోకాళ్ల లోతు దాకా రాణిలా ఉంది. నడుం లోతుకి వెళ్లేసరికి కుచ్చులు బుడగలా పైకి ఉబ్బాయి. ఆ తర్వాత లైనింగు నీళ్లు తాగింది. పిల్ల కాలు ఎత్తబోయి కూలబడింది. మాస్టారు ఒక్క అంగలో వెళ్లి ఎత్తుకున్నాడు.

"బావగారూ, ఇది ఈతకి కుట్టారా, నాటకానికి కుట్టారా?" అన్నాడు నవ్వు ఆపుకోలేక. "పిల్ల కంటే గౌనే బరువుందండీ!"

"ఊరుకోండి, పాపం అన్నయ్యగారు కష్టపడి కుట్టారు," అంది వియ్యపురాలు. ఆ పాపం అన్న మాటకి దర్జీకి ఎక్కడో కాలింది.

"ఇది నన్ను కిందకి లాగేస్తోంది తాతా," అంది పిల్ల, వణుకుతూ.

మాస్టారు సంచీలోంచి నీలం డ్రెస్సు ఒకటి తీశాడు. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ల దాకా కాళ్లు, ఒంటికి అతుక్కుపోయే సాగుడు బట్ట. "దేనికైనా మంచిదని షాపులో కొన్నానమ్మా."

దేనికైనా మంచిదట! అంటే గౌను పనికిరాదని ముందే రాసిపెట్టుకున్నాడన్నమాట. పిల్ల గదికి పరుగెత్తి ఆ డ్రెస్సు తొడుక్కొచ్చింది. మధ్యాహ్నం దాకా మాస్టారు ఈల వేయడం, పిల్ల నీళ్లలో కాళ్లు కొట్టడం. దర్జీ గొడుగు కింద కూర్చుని పసుపు గౌను పిండాడు. పిండేకొద్దీ నీళ్లు వస్తూనే ఉన్నాయి.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. మాస్టారి గురక గోడ అవతల నుంచి వినిపిస్తోంది. వరండాలో తీగ మీద నీలం డ్రెస్సు ఆరుతోంది. దర్జీ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. చింపేద్దామనే వచ్చాడు. చేతులు రాలేదు. బట్ట చింపడం ఆ చేతులకి తెలియదు. జేబులోంచి చిన్న కత్తెర తీసి, కుడి భుజం దగ్గర లోపలి వైపు తిప్పి, ప్రతి మూడో కుట్టూ కత్తిరించాడు. అవతలి వైపు నుంచి లాగితే దారం ఒక్క ఊపులో వచ్చేసింది. మిగిలిన పోగులు గోటితో ఏరి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు. చెయ్యి ఊడి కింద పడకుండా రెండు చివరలా ఒక్కో కుట్టు ఉంచాడు. ప్రాణం హాయిగా అనిపించింది. వెళ్లి కమ్మగా నిద్రపోయాడు.

సాయంత్రం పిల్లకి తొడగబోతే డ్రెస్సు కుడి చెయ్యి ఊడి కూతురి చేతిలోకి వచ్చేసింది.

"అరెరె, కొని వారం కాలేదే!" అన్నాడు మాస్టారు. "షాపువాడు నన్ను నిలువునా ముంచాడు."

"రెడీమేడ్ అంటే మూణ్ణాళ్ల ముచ్చటేనండీ బావగారూ," అన్నాడు దర్జీ. "గౌను ఉందిగా. ఆరిపోయింది కూడా."

"అది వద్దు!" పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

కూతురు డ్రెస్సుని వెలుతురు వైపు తిప్పింది. భుజం అంచుని వేలితో తడిమింది. బట్ట సాగలేదు, చిరగలేదు. వరసగా సూది బెజ్జాలు. వాటిలో ఒక్క దారప్పోగు లేదు. చిన్నప్పుడు ఆమె ఆడుకున్నది తండ్రి మిషను కిందే. ఆరేళ్లకే ఆమెకి అప్పజెప్పిన పని పాత కుట్లు విప్పడం. మూడో కుట్టు కత్తిరించు, వెనక నుంచి లాగు, పోగులు ఏరు. పోగు మిగిలిందా, నెత్తిన మొట్టికాయ.

"మామయ్యగారూ, మీరు పిల్లని తీసుకుని నడవండి. పది నిమిషాల్లో నాన్న చేత కుట్టించి తెస్తాను," అంది.

వాళ్లు ముగ్గురూ వెళ్లాక తలుపు దగ్గరగా వేసింది.

"ఏం నాన్నా, పోగులు జేబులోనే ఉన్నాయా?"

దర్జీ చెయ్యి జేబు మీదికి వెళ్లింది. "నాకేం తెలుసు? నేను పడుకున్నాను."

"వేరేవాళ్లయితే చింపేవాళ్లు. ఇంత శుభ్రంగా విప్పేవాళ్లు ఈ దీవిలో ఇద్దరమే ఉన్నాం. నేనైతే విప్పలేదు."

"ఆయన నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే నీకు కనపడలేదు!"

"కనపడింది. మామయ్య నోటికి అడ్డూ అదుపూ లేదు. దానికి పిల్లేం చేసింది?"

దర్జీ మంచం మీది దుప్పటి మడత సరిచేశాడు.

"అమ్మకి పిన్ని కుట్టి పంపిన జాకెట్టు కూడా ఇలాగే విప్పావు," అంది కూతురు.

పాతికేళ్ల కిందటి మాట. దర్జీ పెళ్లానికి ఇంకొకరు కుట్టి పంపడమేమిటని విప్పేశాడు. ఆ సంగతి తనకీ కత్తెరకీ తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటున్నాడు ఇన్నాళ్లూ.

"ఎవరు చెప్పారు?"

"అమ్మే. చూడగానే కనిపెట్టేసింది. మీ నాన్నతో అనకే, సిగ్గుపడతాడు అంది. నువ్వు సిగ్గుపడతావనుకుంది, పిచ్చిది."

దర్జీ మంచం మీద కూలబడ్డాడు. తెలిసి కూడా ఇరవై ఏళ్లు మాట పొక్కనివ్వకుండా వండి పెట్టిందన్నమాట. పోయినావిడని ఇప్పుడు ఎక్కడని నిలదీస్తాడు?

"కుట్టు," అంది కూతురు. "నువ్వు కుట్టకపోయినా, కుట్టింది మళ్లీ ఊడినా, ఎవరు విప్పారో పిల్లకి చెప్తాను. మామయ్యకి కాదు. పిల్లకి."

"నీలం దారం లేదు."

"ఉన్నదాంతోనే కుట్టు."

ఉన్నది పసుపు దారం. రెండు పోగులు కలిపి సూదిలోకి ఎక్కించాడు. వంకరటింకరగా లాగిపారేద్దామనుకున్నాడు. అదీ చేతకాలేదు. గింజలు పేర్చినట్టు, ఒక్కటి కూడా ఎచ్చుతగ్గు లేకుండా వచ్చాయి కుట్లు.

ఒడ్డున పిల్ల భుజం తడుముకుంది. "ఊడదు కదా కుట్టుతాతా?"

"ఊడదు."

అనడమైతే అన్నాడు. సాగే బట్ట మీద చేతికుట్టు వేయడం అతనికి అదే మొదలు. చెయ్యి బారజాపితే దారం పుటుక్కుమనొచ్చు. అప్పుడు కావాలనే అలా కుట్టాడంటుంది కూతురు. అన్నంత పనీ చేస్తుంది.

మాస్టారు ఈల వేశాడు. పిల్ల చేతులు విసిరింది. దర్జీ కళ్లు ఆ పసుపు గీత మీదే. ఒక విసురు. దారం నిలిచింది. ఇంకో విసురు. నిలిచింది. మరొకటి. ఆ భుజం వెంటే కళ్లు తిప్పాడు. వియ్యపురాలు చప్పట్లు కొట్టింది. కూతురు ఏదో అరిచింది. అతను తల తిప్పలేదు.

పిల్ల నీళ్లోడుతూ మొదట దర్జీ దగ్గరికే పరుగెత్తుకొచ్చింది.

"కుట్టుతాతా! ఈలతాత చెయ్యి వదిలేశాడు! నా అంతట నేనే ఈదాను! చూశావా?"

"చూశాను."

"ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?"

దర్జీ సముద్రం వైపు చూశాడు. నీళ్ల మీద ఏ గుర్తూ లేదు.

"చెప్పు తాతా."

"చాలా దూరం," అన్నాడు.

పిల్ల ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. "ఈలతాతా, నువ్వు చెప్పు!" అంటూ వెనక్కి పరుగెత్తింది.

"పదకొండు బారలు!" మాస్టారి గొంతు ఒడ్డంతా వినిపించింది.