గుండ్రటి బూడిద

"అగ్నిపర్వతం ముత్యాలు కక్కిందా తల్లీ?"

లావా మేడం ఆ మాట అనగానే క్లాసు క్లాసంతా గొల్లుమంది.

ఆవిడ చేతిలో ఒక ప్రాక్టికల్ రికార్డు తెరిచి ఉంది. ఆ పేజీ చివరి బెంచీకి కూడా కనబడేలా పైకెత్తి పట్టుకుంది. అగ్నిపర్వతం బూడిదను మైక్రోస్కోపులో చూసి బొమ్మ గీయమంటే, ఆ పిల్ల పేజీ నిండా గుండ్రాలు గీసి పెట్టింది. చిన్నవి, పెద్దవి, ఒకదానికొకటి అంటుకున్నవి. ఒక పెద్దదాని కడుపులో నాలుగు బుల్లివి ఇరుక్కుని ఉన్నాయి. పెన్సిలుతో ఓపిగ్గా నీడలు కూడా దిద్దింది.

"హారం గుచ్చుకోవచ్చు మేడం!" వెనక నుంచి ఎవడో అన్నాడు.

"నువ్వు కూర్చోరా, పెళ్ళిళ్ళ పేరయ్యా!"

మళ్ళీ నవ్వులు. మూడో వరసలో రికార్డు తాలూకు పిల్ల లేచి నిలబడింది. గడియారాల మెకానిక్ కూతురు. క్లాసులో నోరు విప్పింది తక్కువ.

"నాకు అవే కనిపించాయి మేడం."

"నీకొక్కదానికేనా? మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ పగిలిన గాజుపెంకుల్లాంటి ముక్కలు కనిపించాయి. పుస్తకంలోనూ అవే ఉన్నాయి. మరి నీది దివ్యదృష్టి అనుకోవాలా?"

మేడం బోర్డు వైపు తిరిగి పాఠం అందుకుంది. భూమి లోపల కరిగిన రాయిలో గ్యాసు బుడగలు కట్టి ఉంటుంది. పైకొచ్చి ఒక్కసారిగా పేలుతుంది. బుడగల గోడలు ముక్కలు ముక్కలైపోతాయి. వాటికి మొనలుంటాయి, అంచులుంటాయి. అందుకే ఆ బూడిద ఊపిరితిత్తులను కోస్తుంది, విమానం ఇంజన్లను పాడుచేస్తుంది, తడిసిందంటే ఇంటికప్పునే కూలుస్తుంది. "ముత్యాలైతే ఇన్ని తిప్పలెందుకు? ఏరుకుని అమ్ముకుందుము!"

గంట కొట్టేసరికి ఆ పిల్లకి 'ముత్యాలు' అని పేరు పడిపోయింది.

రికార్డులో మేడం ఎర్ర సిరాతో రాసిన మాట ఇది: 'మైక్రోస్కోపు చూడకుండా ఊహించి గీశావు.' కింద సున్నా.

ఆ సున్నా చిన్నదేం కాదు. ప్రాక్టికల్లో సున్నా వస్తే రాతపరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా 'అగ్నిపర్వతాలు - వాటి ప్రభావాలు' అనే ఆ కోర్సు తప్పినట్టే. మొదటి ఏడాది ఆ కోర్సు తప్పినవాళ్ళకి రెండో ఏడాది భూగర్భశాస్త్రంలో సీటు లేదు. ఆ పిల్ల కాలేజీలో చేరిందే ఆ సీటు కోసం.

మేడం ఆ కోర్సు చెప్పబట్టి పద్దెనిమిదేళ్ళు. పిల్లలు తనను లావా మేడం అంటారని ఆవిడకు తెలుసు. పైకి విసుక్కున్నా లోపల మురిసిపోతుంది. ఏటా మొదటి రోజు క్లాసుకి ఒక గాజుసీసా తెచ్చేది. దానిమీద ఆవిడ గురువుగారి చేతిరాతతో చీటీ ఉంటుంది. ఆయన స్వయంగా ఒక కొండ కింది ఊళ్ళో, కూలిన ఇంటికప్పుల మీంచి ఎత్తి తెచ్చిన బూడిద అది. పోతూ పోతూ ఆవిడ చేతిలో పెట్టాడు. సీసా బెంచీ బెంచీకీ తిరిగేది. "ఇది భూమి కడుపులోంచి వచ్చింది. కాస్త భయం భక్తీ పెట్టుకుని ముట్టుకోండి," అనేది ఆవిడ. ప్రాక్టికల్లో పిల్లలు మైక్రోస్కోపు కింద పెట్టే బూడిదా అందులోదే.

సోమవారం ఆ గడియారాల మెకానిక్, కూతుర్ని వెంటబెట్టుకుని మేడం గదికి వచ్చాడు. వరండాలో ఎవరో "ముత్యాలూ, నాన్నగారొచ్చారా?" అనడం గదిలోకి వినిపించింది. మేడం పెదవి చివర చిన్న నవ్వు కదిలింది కూడా.

ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. "మాది రిపేరు కొట్టండీ మేడంగారూ. చిన్నప్పటినుంచీ కంటికి భూతద్దం పెట్టుకుని నా పక్కన కూర్చుని పెరిగిన పిల్లండీ ఇది. చక్రానికి ఉన్న పన్ను లేదన్నా, లేని పన్ను ఉందన్నా గడియారం నడవదు కదా. అందుకని ఉన్నది ఉన్నట్టు చూడ్డం ఒక్కటే నేర్పాను. ఇంకేమీ నేర్పలేదు."

"పిల్లలమీద ప్రేమ ఉండాల్సిందేనండీ. కానీ సైన్సు ప్రేమను బట్టి మారదు."

"మార్చమని కాదమ్మా. ఆ మైక్రోస్కోపులో ఒక్కసారి మీరే చూడండి. అంతే."

"పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను. కొత్తగా చూసేదేముంది?"

ఆయన తల ఊపాడు. గుమ్మం దగ్గర ఆగి, "అయితే అర్జీ పెట్టుకుంటామండీ, ఏమనుకోకండి," అని వెళ్ళిపోయాడు.

అన్నంత పనీ చేశాడు, అర్జీ పెట్టాడు. గురువారం పదకొండింటికి డిపార్టుమెంటు హెడ్డుగారి గదిలో విచారణ అని కాగితం వచ్చింది. మేడంకి ఒళ్ళు మండింది. ఒక గడియారాల కొట్టువాడు తనకు బూడిద గురించి పాఠం చెప్పడమా? తిరుగులేని సాక్ష్యం చూపించి నోరు మూయించాలనుకుంది. సీసాలోని బూడిదతో స్లైడు చేసి హెడ్డుగారి ముందు పెడితే సరి.

బుధవారం మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేరు. మేడం సీసా మూత తీసి చిటికెడు బూడిద గాజుపలక మీద వేసింది. చుక్క నీళ్ళు వేసి, పల్చటి అద్దంముక్క కప్పి, మైక్రోస్కోపు కింద పెట్టింది. కన్ను ఆనించి మర తిప్పింది.

మసకలోంచి ఒక గుండ్రం తేలింది.

దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన పది.

నీటిబుడగలు అనుకుంది. స్లైడు కడిగి మళ్ళీ చేసింది. గుండ్రాలే. నీళ్ళు లేకుండా పొడిగా చేసింది. గుండ్రాలే. లెన్సు తుడిచి, వేరే మైక్రోస్కోపు దగ్గరికి పరిగెత్తింది. అక్కడా అంతే. నున్నటి గాజుపూసలు, ఒక పెద్దదాని కడుపులో నాలుగు బుల్లివి. ఆ పిల్ల నీడలతో సహా ఎలా గీసిందో అలాగే.

మేడం తలెత్తి సీసా మీది చీటీ వైపు చూసింది. ఇలాంటి బూడిద ఎక్కడిదో ఆవిడకు బాగా తెలుసు. కరెంటు తయారుచేసే చోట మెత్తటి బొగ్గుపొడి మండితే, అందులోని మట్టి కరిగి, గాలిలో తేలుతూ బొట్లు బొట్లుగా గట్టిపడుతుంది. ఆ బూడిదను ఇటుకల్లో కలుపుతారు. అగ్నిపర్వతానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

"బాబాయ్!"

పక్కగదిలో గాజుసామాను తుడుస్తున్న ల్యాబు అటెండరు వచ్చాడు. డిపార్టుమెంటులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. ఆవిడ చేతిలో సీసా చూడగానే మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఇందులో ఏం పోశావు బాబాయ్?"

తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు. చివరికి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆరేళ్ళయిందమ్మా. బీరువా తుడుస్తుంటే చెయ్యి తగిలి పడిపోయింది. మీ గురువుగారిచ్చిందంటూ దేవుడి విగ్రహంలా చూసుకుంటారాయె. చెప్పే ధైర్యం రాలేదు. చీటీ జాగ్రత్తగా ఊడదీసి ఇంకో సీసాకి అంటించాను. మా ఇంటి పక్కనే ఇటుకల ఫ్యాక్టరీ... రంగు అచ్చం అలాగే ఉంది."

"ఆరేళ్ళా!"

"రెండ్రోజుల్లో పట్టేస్తారనుకున్నానమ్మా. రోజూ భయపడి చచ్చేవాణ్ణి. నెలైంది, ఏడాదైంది, మీరేమీ అనలేదు. సరే, తేడా లేదేమో అనుకున్నాను."

ఆ చివరిమాట చెంప పగలగొట్టినట్టు తగిలింది. తేడా లేకపోవడం కాదు, తను చూడలేదు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కన్ను పెట్టి చూడలేదు. ఏటా నలభైమంది పిల్లలు, ఏటా నలభై రికార్డులు. అన్నిట్లోనూ పుస్తకంలోని బొమ్మే. ఇటుకల బూడిదను చూస్తూ అందరూ గాజుపెంకులు గీశారు, తను అందరికీ మార్కులు వేసింది. చూసి గీసిన ఒకే ఒక్క పిల్లకి 'చూడకుండా గీశావు' అని రాసింది. అదీ ఎర్ర సిరాతో.

"నాకింకా రెండేళ్ళ సర్వీసుందమ్మా," అన్నాడు బాబాయ్. లేచి వెళ్ళి బీరువా అడుగునుంచి మడతపెట్టిన కవరు తెచ్చాడు. "అసలుది కొంచెం ఎత్తి దాచాను, పారెయ్యబుద్ధి కాలేదు. రేపు దీంతో చేసి చూపించండి. ఎవరికి తెలుస్తుంది?"

మేడం చెయ్యి చాచి కవరు అందుకుంది.

బాబాయ్ ఉద్యోగం కోసమే అనుకుంది. పెద్దవాడు, పాపం, ఈ వయసులో రోడ్డున పడతాడు అనుకుంది. ఆ పిల్లకి వచ్చే ఏడాది ఇంకో అవకాశం ఉంటుందిలే అనీ అనుకుంది. మనిషి తనను తాను మోసం చేసుకోదలిస్తే కారణాలకు కరువా? అసలు కారణం ఒక్కటే. క్లాసులో అంతమంది ముందు 'ముత్యాలు' అన్న నోటితో ఇప్పుడు 'తప్పు నాది' అనాలంటే ఆవిడకు ప్రాణం పోతోంది.

గురువారం పదకొండు. హెడ్డుగారి బల్లమీద మైక్రోస్కోపు. ఒకవైపు హెడ్డుగారు, పరీక్షల అధికారి. ఎదురుగా తండ్రీ కూతురూ. మేడం అసలు బూడిద స్లైడు తీసి పెట్టింది. నిన్నటి గుండ్రాల స్లైడు సంచిలోని డబ్బాలోనే ఉండిపోయింది. పారేయడానికి ఎందుకో చేతులు రాలేదు.

హెడ్డుగారు చూశాడు. "ముక్కలేనయ్యా, స్పష్టంగా. గుండ్రం అన్నది మచ్చుకైనా లేదు." అధికారి చూసి అవునన్నాడు. "రా అమ్మా, నువ్వూ చూడు."

ఆ పిల్ల వచ్చి కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది. మర కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పింది. తల ఎత్తేసరికి ఆ మొహంలో అంతవరకూ ఉన్నదేదో లేదు.

"ముక్కలే సార్. ఆ రోజు మాత్రం నాకు..."

"నీటిబుడగలు చూసుంటావు. కొత్తవాళ్ళందరూ చేసే పనే," అన్నాడు హెడ్డుగారు, జాలిగానే.

"అయ్యుండచ్చు సార్." ఆ పిల్ల తండ్రి వైపు చూడలేదు. నేల చూసింది. "అన్నిసార్లు చూశాననుకున్నాను. నా కళ్ళే తప్పేమో. క్షమించండి మేడం."

తండ్రి వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

మేడంకి తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ళుగా 'చూడండి, చూసి గీయండి' అని పిల్లలకు చెప్తూనే ఉంది. నిజంగా చూసిన పిల్ల ఒకతి దొరికితే, తన కళ్ళను తనే నమ్మకుండా చేసింది. చేతులు వాటంతటవే సంచిలోకి వెళ్ళాయి. డబ్బా చప్పుడు చేస్తూ తెరుచుకుంది.

"సార్, ఇదీ చూడండి."

హెడ్డుగారు చూసి అదిరిపడ్డాడు. "ఇదేమిటిది? అన్నీ గోళాలే!"

"ల్యాబు సీసాలో ఉన్నది ఇదే సార్. ఇటుకల్లో కలిపే బూడిద. ఆరేళ్ళుగా నేను సరిచూసుకోలేదు. బాధ్యత నాది, ఇంకెవరిదీ కాదు. ఈ అమ్మాయి ఉన్నది ఉన్నట్టు గీసింది. తప్పు గీసింది మిగతావాళ్ళు. వాళ్ళకి మార్కులేసింది నేను."

అధికారి కూడా వంగి చూశాడు. తరువాత హెడ్డుగారు బల్ల చరిచాడు. "శభాష్ మేడం! ముందు అసలుది చూపించి, తరువాత నకిలీది చూపించి, రెంటికీ తేడా ఎంత పద్ధతిగా విడమరిచారండీ! ఇంత పెద్ద మనసు ఎవరికుంటుంది? అమ్మాయికి పూర్తి మార్కులు వేసేయండి."

మేడం కాదనలేదు. కాదనడానికి నోరు తెరిచింది. ఈలోగా అధికారి చెయ్యి కలిపాడు. తెరిచిన నోరు నవ్వుగా మారిపోయింది. అలా ఎందుకు మారిందో ఆవిడకే తెలియలేదు.

వరండాలో తండ్రి చేతులు జోడించాడు. "మీ మేలు మరిచిపోలేమమ్మా."

కూతురు మాత్రం చేతులు జోడించలేదు. మేడం మొహంలోకి అలాగే చూస్తోంది.

"మేడం, ఒకటడగచ్చా?"

"అడుగమ్మా."

"రెండో స్లైడు మీ సంచిలో ముందునుంచీ ఉంది. నేను క్షమించమన్నాకే తీశారు. అనకపోయుంటే తీసేవారా?"

"ఏయ్, తప్పు!" అన్నాడు తండ్రి కంగారుగా. "పెద్దవాళ్ళతో అలాగేనా మాట్లాడేది?"

ఆ పిల్ల కళ్ళు తిప్పుకోలేదు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే మేడంకి కాస్త తేలికగా ఉండేది. మైక్రోస్కోపులో బూడిదను ఎంత శ్రద్ధగా చూసి ఉంటుందో, తననూ అంత శ్రద్ధగానే చూస్తోంది.

"తీసేదాన్ని కాదు," అంది మేడం. "నిన్ను అబద్ధాలకోరు చేద్దామనే వచ్చాను. ఆ మొదటి స్లైడు అందుకే తెచ్చాను."

తండ్రి జోడించిన చేతులు మెల్లగా దిగిపోయాయి. ఆయన మొహం చూడలేక మేడం గోడవైపు చూసింది.

"పద తల్లీ," అన్నాడాయన. ఇద్దరూ మెట్లు దిగుతుంటే పిల్ల ఒకసారి ఆగింది, వెనక్కి తిరగబోయింది. తిరగకుండానే దిగిపోయింది.

హెడ్డుగారి తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. "... అందరికీ చెప్పాలయ్యా ఈ సంగతి. నిజాయితీ అంటే ఆవిడది!"

మేడం ఒక్క నిమిషం వరండాలోనే నిలబడింది. తరువాత తలుపు తోసి లోపలికి వెళ్ళింది. ఆవిడను చూడగానే అధికారి నవ్వుతూ లేచి కుర్చీ లాగాడు.

ఆవిడ కూర్చోలేదు.

"సార్, ఇందాక నేను సగమే చెప్పాను," అంది.