కొస తెగిన బీరపాదు

సింగపూర్‌లో, ఆంగ్ మో కియోలోని తొమ్మిదో అంతస్తు కారిడార్‌లో భద్రయ్య రోజూ పొద్దున్నే బీరపాదుకి నీళ్లు పోసి, కాడ మీద వేలు ఆనించి కణుపులు తడుముకునేవాడు. మతిమరుపు ముదిరి, కూతురు పేరు సుచిత్ర అన్న సంగతి కూడా జారిపోయింది గానీ, ఆకు పుట్టేది కణుపు దగ్గరేననీ, కాడ సాగేది కణుపుకీ కణుపుకీ మధ్యేననీ మాత్రం మర్చిపోలేదు.

మంగళవారం ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికెళ్లాడు. తిరిగి రాలేదు.

పోలీసులకి చెప్పారు. తెలిసినవాళ్లందరికీ ఫొటో పంపారు. గురువారం వచ్చేసింది. ఆయన ఒంట్లో ఇన్సులిన్ పడి రెండు రోజులైంది.

ఆ మధ్యాహ్నం పాదు కదిలింది. కొన మొగ్గ తల తిప్పుకుని మెట్ల వైపు సాగింది. మూరెడు కాడ, ఓ కణుపు, కణుపు దగ్గర ఓ ఆకు, ఓ నులితీగ, మళ్లీ మూరెడు. పక్కింటి లిమ్ ఆంటీ చెప్పుల స్టాండు జరిపి దానికి దారిచ్చింది.

"గో, గో. ఐ వాచ్ యువర్ డోర్ లా," అంది.

సుచిత్ర, ఆమె భర్త నిశాంత్ దాని వెంటపడ్డారు. పాదు తొమ్మిది అంతస్తులూ దిగి, కార్ పార్కు దాటి రోడ్డెక్కింది. అప్పుడే బస్సు చక్రం దాని కొస మీంచి పోయింది.

సుచిత్ర అక్కడే కూలబడింది. వన్-నార్త్ ప్రాంతంలో ఓ మొక్కల ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. కొన మొగ్గ పోతే కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయని ఆమెకి తెలుసు. లేవడానికి రోజులు పడుతుందనీ తెలుసు.

"అన్ని రోజులు నాన్న ఉండడు, నిశాంత్."

చివరి కణుపుని రెండు చేతులా పట్టుకుంది. "లేవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అని ఏడ్చింది. బస్‌స్టాపులో నిలబడ్డవాళ్లు తమ సీసాల్లో నీళ్లు కాడ మీద పోశారు.

ఆకు మొదట్లో చిన్న మొగ్గ విచ్చుకుంది. కింది కణుపులో ఇంకోటి. ఒక కొమ్మ ఎడమకి సాగింది, ఒకటి కుడికి.

"నువ్వటు వెళ్లు," అంటూ నిశాంత్ కుడి కొమ్మ వెంట పరిగెత్తాడు.

ఆమె కొమ్మ కాలవ గట్టు పట్టుకుని పోయింది. పోనుపోను కణుపుల మధ్య దూరం తగ్గింది. మూరెడు కాస్తా జానెడైంది, జానెడు బెత్తెడైంది. వంతెన దగ్గర ఆగిపోయింది. కొసన పసుపు పువ్వు విచ్చుకుంది. కొస పువ్వయ్యాక ఇక ఆ కాడ సాగదు.

సుచిత్ర వంతెన కిందంతా వెతికింది. ఎవరూ లేరు. నాన్న దొరికాడని ఆగిందా, ఇక వెతికి లాభం లేదని ఆగిందా?

ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఎత్తితే, అవతల నిశాంత్ ఆయాసపడుతున్నాడు.

"చెప్పు. ఏదైనా సరే, చెప్పేయ్."

"పొదల్లో పడున్నారు. అంబులెన్స్ వస్తోంది. నులితీగ ఆయన మణికట్టుకి చుట్టుకుంది, వదలట్లేదు..." అతను ఊపిరి తీసుకున్నాడు. "సుచిత్రా, మావయ్య మంచినీళ్లు అడుగుతున్నారు."