నోరా చెయ్యూపిన సీను

సినిమా మొదలై పావుగంట కాలేదు, హాల్లో తొలి నవ్వు పేలింది. లియాన్ తీసింది నవ్వుల సినిమా కాదు.

తెరమీద ఆమె తమ్ముడు డీన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెడుతున్నాడు. వెనక తుపాకులతో దుండగులు. హెసిల్ రోడ్డు ఇళ్ల వెనక సందులోకి దూరాడు, మలుపు తిరిగాడు, హంబర్ వంతెన కింద తేలాడు. లండన్ వాళ్లకైతే అదొక సందు, ఇదొక వంతెన. హాల్లో కూర్చున్న హల్ ఊరివాళ్లకు మాత్రం ఆ రెంటికీ మధ్య మైళ్ల దూరం ఉందని తెలుసు.

"ఒరే డీనూ, ఏ బస్సెక్కావురా?" వెనక వరసలోంచి ఎవరో కేకేశారు.

"ఆదివారం పూట బస్సులెక్కడివి? రెక్కలొచ్చుంటాయ్ వెధవకి!"

హాలు ఘొల్లుమంది. ఆ రెండో గొంతు గ్యారీదని లియాన్ గుర్తుపట్టింది. చేపల మార్కెట్‌లో డీన్‌తో కలిసి పెట్టెలు మోసే గ్యారీ. పక్క సీట్లో డీన్ నవ్వబోయి, నవ్వలేక, కోటు కాలర్లోకి మెడ ముడుచుకున్నాడు. చిన్నప్పుడు బళ్లో 'నత్తి డీన్' అని పిల్లలంతా వెక్కిరించినప్పుడూ సరిగ్గా ఇలాగే ముడుచుకునేవాడు. వాడి కోసమే ఆమె ఈ సినిమాలో హీరోకి మాటలు తక్కువ, పరుగులు ఎక్కువ రాసింది. నాలుగేళ్లు పట్టింది తీయడానికి. నాలుగేళ్లూ సెలవు దొరికిన ప్రతిరోజూ వానలో, చలిలో పరిగెత్తాడు పాపం, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఆమెకు అటుపక్కన కూర్చున్న పెండ్రిల్ మాత్రం హాయిగా నవ్వుతున్నాడు.

పెండ్రిల్ లండన్ నుంచి వచ్చిన పంపిణీదారు. సినిమా దేశమంతా ఆడాలన్నా, డబ్బాలో మగ్గాలన్నా ఆయన చేతిలోనే ఉంది. కిందటి నెల లండన్‌లో కొందరిని కూర్చోబెట్టి 'తెగిన తాడు' అనే ఈ సినిమా చూపించాడు. వాళ్లు కొట్లాటలకు నవ్వారు, ఏడుపులకు నవ్వారు, హీరో చస్తే పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వు విన్నాక ఆయనకో ఉపాయం తట్టింది.

"థ్రిల్లర్‌గా ఇది ఆడదు, లియాన్. చెత్త సినిమాగా అయితే బ్రహ్మాండంగా ఆడుతుంది. పోస్టర్ నిండా మీ తమ్ముడి మొహం వేసి, కింద 'నవ్వలేక చస్తారు' అని రాద్దాం."

లియాన్‌కి ఒళ్లు మండింది. "మా ఊళ్లో వేసి చూడండి. మావాళ్లు నవ్వరు" అంది, నోటి దురుసుతనం కొద్దీ.

"సరే. వాళ్లూ నవ్వితే నా మాట. నవ్వకపోతే మీరు తీసింది తీసినట్టు వదులుతా" అన్నాడాయన. ఇద్దరూ చేతులు కలిపారు. ఆ సంగతి ఆమె డీన్‌కి చెప్పలేదు. ఎలా చెబుతుంది? నిన్ను చూసి ఊరు నవ్వుతుందో లేదో పందెం కాశానురా అని చెబుతుందా?

నవ్విన నాపచేనే పండుతుందంటారు. కానీ ఈ పెద్దమనిషి పండించాలనుకున్నది ఆ నవ్వునే.

తెరమీద పోలీసు కారు సైరన్ మోగిస్తూ వచ్చింది.

"అయ్యో, అది మా బావగారి కారే! తలుపు మీద సొట్ట చూడు!"

విలన్ గూడు కనబడింది. "అదా! మా హాలు తివాచీ అక్కడే కొన్నాం!" బాంబు పేలి పొగ కమ్మింది. "పొగ కాదే అది, డాన్సు క్లబ్బు వాళ్లు వదిలే ఆవిరి!" మొదట్లో ఆ కేకల్లో కాస్త ప్రేమ ఉంది. తెలిసిన గోడ, తెలిసిన కారు తెరమీద కనబడితే ఎవరికి ఉత్సాహం రాదు? కానీ నవ్వు అంటుజాడ్యం లాంటిది. పోనుపోను డీన్ నోరు విప్పితే నవ్వు, విప్పకపోయినా నవ్వు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చిప్స్ పొట్లాలు పట్టుకుని ఊగిపోతున్న జనాన్ని చూస్తుంటే లియాన్‌కి లేచి ఒక్కొక్కరి జుట్టూ పట్టుకోవాలనిపించింది.

"బంగారం" అన్నాడు పెండ్రిల్ ఆమె చెవిలో. "వింటున్నారా? అచ్చమైన బంగారం."

ఆమె భయమంతా రాబోయే సీను మీదే ఉంది. లండన్‌లో అన్నిటికంటే ఎక్కువ నవ్వింది దానికే.

ఆ సీనులో హీరో పడవెక్కి, సముద్రంలో ఉన్న విలన్ ఓడ మీదికి ఒంటరిగా బయల్దేరతాడు. రేవు ఒడ్డున తల్లి నిలబడి చెయ్యూపుతుంది. సినిమాల్లో తల్లులు చేసేది అదే కదా అని లియాన్ అలా రాసేసింది. తల్లి వేషం వేసింది వాళ్ల నానమ్మ నోరా. షూటింగ్ రోజు పొద్దుటి నుంచీ కెమెరా తిప్పడం, పడవ కదలడం, నోరా గిరుక్కున వీపు తిప్పేయడం. మళ్లీ టేకు. మళ్లీ వీపు.

"ఒక్కసారి ఊపవే నానమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా!"

"సముద్రం మీదికి పోయేవాడికి చెయ్యూపకూడదు. అల వచ్చి లాక్కుపోతుంది. ఈ ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలీదూ?"

"ఇది సినిమానే!"

"సినిమా అని సముద్రానికి చెప్పావా?"

పొద్దు వాలిపోతోంది. పడవ మళ్లీ దొరకదు. అప్పుడు లియాన్ అనకూడని మాట అనేసింది. "తాతకి నువ్వెప్పుడూ చెయ్యూపలేదు కదా. మరి ఆయనెందుకు తిరిగి రాలేదు?"

నోరా నీళ్లకేసి తిరిగింది.

"ఆ ఓడలో మీ తాత ఒక్కడే ఉన్నాడటే? ఎవరింట్లోనో ఎవరో ఊపుంటారు" అంది. "డీన్‌ని దింపెయ్. వాడు పడవలో లేకపోతే ఊపుతా."

అలా డీన్ దిగాడు. వాడి కోటు, టోపీ బట్టల కొట్టు బొమ్మకు తొడిగి పడవలో నిలబెట్టారు. ఆ బొమ్మకే నోరా చెయ్యూపింది. తెరమీద అది బొమ్మని పసిపిల్లాడు కూడా పట్టేస్తాడు. లండన్‌లో ఒకతను కుర్చీలోంచి కిందపడి మరీ నవ్వాడు.

ఇప్పుడు ఆ సీను వచ్చేసింది. పొద్దువాలే వెలుతురు, ఖాళీ రేవు, పడవ మోటారు చప్పుడు. లియాన్ కళ్లు మూసుకుంది. డీన్‌కి అటుపక్కన నోరా కూర్చుని ఉంది. ఆమె చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి మనవడి మణికట్టు పట్టుకుంది.

"ఏయ్, బొమ్మరా అది!" గ్యారీ గొంతు. "డీనూ, ఇన్నాళ్లకి బాగా నటించావురా!"

నవ్వు లేచింది, వెనక నుంచి ముందుకి పాకింది. పెండ్రిల్ తొడ మీద చరుచుకున్నాడు.

తెరమీద నోరా చెయ్యెత్తింది. జన్మలో ఎన్నడూ ఊపని చెయ్యి కదా, ఎలా ఊపాలో తెలీనట్టు కాసేపు గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా, కిటికీ అద్దం తుడుస్తున్నట్టు, అటూ ఇటూ కదిలింది.

ముందు వరసలో ఎవరో "అయ్యో!" అన్నారు.

అది విన్నీ క్లబ్లీ. జాలర్లుండే హెసిల్ రోడ్డు మనిషి, మొగుణ్ణీ అన్ననీ సముద్రానికిచ్చింది. ముసలావిడ కర్ర ఊతంతో సగం లేచి వెనక్కి తిరిగింది.

"నోర్ముయ్ గ్యారీ! కళ్లు కనబడ్డంలా? నోరా చెయ్యూపుతోందిరా!"

నవ్వు ఠక్కున తెగింది.

లియాన్ కళ్లు తెరిచింది. చిప్స్ తింటున్న చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరో పిల్లకు తల్లి చెవిలో చెబుతోంది, "మీ ముత్తవ్వ కూడా ఊపేది కాదు. ఊపితే తిరిగి రారు." తెరమీద పడవ చిన్నదైపోతోంది, చెయ్యి ఇంకా ఊగుతూనే ఉంది. అందులో ఉన్నది బొమ్మ అని అందరికీ తెలుసు. ఎందుకు బొమ్మ అయిందో కూడా ఇప్పుడు వాళ్లకు తెలిసిపోయింది. సొంత మనవడికి ఊపలేక ముసలిది బొమ్మకి ఊపింది. కథలోని తల్లికి మాత్రం కొడుకు రాడని తెలుసు, తెలిసే పంపుతోంది. తాను రాసిందేమిటో లియాన్‌కి ఆ క్షణం దాకా తెలీలేదు.

ఆ తర్వాతివన్నీ సినిమాలోకెల్లా నాసిరకం సీన్లు. ఓడ గోడలు అట్టవి, తుపాకులు ప్లాస్టిక్‌వి, నెత్తురు టమాటా సాసు. అయినా ఒక్కరూ కిక్కురుమనలేదు. డీన్ మెట్లెక్కుతుంటే "వద్దురా, పైకెళ్లకు" అని ఒకామె బతిమాలింది. వాడు పడిపోయాక దీపాలు వెలిగేదాకా ముక్కు చీదుకునే చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

గుమ్మం దగ్గర గ్యారీ డీన్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ పెద్ద మనిషికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"రేపు పనికొస్తున్నావుగా?"

"వ...వస్తా."

"రా. ఊరికే అడిగాలే. తప్పకుండా రా" అని డీన్ భుజం గట్టిగా నొక్కి, తలొంచుకుని వెళ్లిపోయాడు.

పెండ్రిల్ లియాన్‌ని పక్కకు లాగాడు. "మొదటి సగం అద్భుతం. కానీ ఆ ముసలావిడ చెయ్యూపగానే హాలు చచ్చిపోయింది, గమనించారా? ఆ సీను కత్తిరించేద్దాం. అప్పుడు చివరిదాకా నవ్వుతారు."

"మాటిచ్చారు. నవ్వకపోతే తీసినట్టే వదులుతానన్నారు."

"సగం నవ్వారుగా! కత్తిరిస్తే శుక్రవారం నుంచి దేశమంతా. లేదంటే ఈ ఊళ్లోనే ఉండిపోతుంది. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? నాలుగేళ్లు ఆమె కలగన్నది ఆ శుక్రవారం కోసమే. కాదంటే అది ఇక రాదు. ఎదురుగా డీన్ నిలబడి ఉన్నాడు. ఎవరో ముసలమ్మ వాడి కోటు గుండీలు పెడుతూ మందలిస్తోంది, వాడు మెడ ముడుచుకోకుండా, తిన్నగా నిలబడి వింటున్నాడు.

"ఈ ఊళ్లోనే ఉండనివ్వండి" అంది లియాన్.

"మీ ఇష్టం" అని భుజాలెగరేసి పెండ్రిల్ టాక్సీ ఎక్కాడు.

కారు కదిలింది. నోరా మెట్ల చివరిదాకా వచ్చింది. కండువా సర్దుకుంది. కుడిచెయ్యి పైకెత్తి, కారు మలుపు తిరిగేదాకా, బాగా తెలిసిన పనిలా, తీరిగ్గా, నిండుగా ఊపింది.

"నానమ్మా!" లియాన్ నోరు తెరిచేసింది.

"సినిమా కోసం నేర్చుకున్నానుగా" అంది నోరా, చెయ్యి దించుతూ. "ఊరికే పోనివ్వడమెందుకని."