మూసిన దారి

సెమిలిగుడలో తమ కిరాణాకొట్టు వెనక గదిలో కూర్చుని బిందుశ్రీ పిల్లల పత్రికకు బొమ్మల కథలు గీసేది. ప్రతి కథ చివరా ఒక చిక్కుదారుల బొమ్మ: రాజకుమారుణ్ణి కోటకు చేర్చండి!

"ముగ్గయినా బొమ్మయినా గీత కలిపియ్యాలే అమ్మీ. సందుంటే దెయ్యాలు దూరతాయి," అని తల్లి సూర్యకాంతమ్మ పోరేది.

"సందు లేకపోతే రాజకుమారుడు నీ నెత్తి మీంచి ఎల్తాడేటమ్మా?" అని కసిరేది బిందుశ్రీ.

తల్లి పోయిన తొమ్మిదో రోజు. మైల ఇల్లు, వాకిట్లో ముగ్గు లేదు. వేకువనే బొమ్మ వేస్తుంటే కోట ఉండాల్సిన చోట తమ ఇల్లే పడింది. పోనీ, ఈసారికి అమ్మ మాటే నెగ్గనీ అని ఏడుస్తూ ఇంట్లోకి చేరే సందును సిరాతో మూసేసింది.

ఈ తొమ్మిది రోజులూ పక్కింటిదనుకున్న కళ్ళాపి చప్పుడు, తమ వాకిట్లోనే, టక్కున ఆగింది.

"దారి మూసేసినావేటే అమ్మీ? మరి నానెలగ రానూ?"